రంగు పోని చేతులు

మన్సూరాబాద్

ఇందూ,

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటని నవ్వుతావేమో. ఈ సంగతి ఫోన్లో చెబితే నా గొంతే నన్ను పట్టిస్తుంది. అందుకే కాగితం మీద పెట్టి, పోచంపల్లి వస్తున్న మట్టయ్య మామ చేతికి ఇస్తున్నాను. కూర్చొని చదువు.

మొన్న దిల్‌సుఖ్‌నగర్ షాపులో ఒకామెకు ఎర్రంచు తెల్ల పట్టుచీర పరిచి చూపిస్తున్నాను. నా నోటి సంగతి నీకు తెలుసు, బేరం సగం అయిపోయింది. ఇంతలో ఆమె చీరను వదిలి నా చేతులు చూసింది. "అన్నా, గీ చీర రంగు పోతున్నట్టున్నది. నీ అరచేతులు చూడు" అంది. మా ఓనరు మల్లికార్జునరావు గారికి పరువు పోయినట్టయింది. తెల్ల రుమాలు తడిపి తెచ్చి అంచు మీద గట్టిగా రుద్దారు. రుమాలు తెల్లగానే ఉంది. "చూశారామ్మా, మా సరుకు రంగు పోదండీ" అంటూ, అదే ఊపులో నా అరచేయి కూడా రుద్దారు. రుమాలు అప్పుడూ తెల్లగానే ఉంది. నా చేయి మాత్రం ఎర్రగానే ఉంది. ఆమె చీర కొనుక్కొని పోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే చేతులు జేబుల్లో దాచుకున్నాను.

ఎందుకో చెబుతాను. మా నాయిన నూలుకు రంగులు అద్దేవాడు. ఆయన చేతులు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ ఎరుపు పోలేదు. "మన ఆనందం చేతులకు రంగు బొక్కల మూలుగ దాక ఇంకింది" అని వాడకట్టంతా మురిసింది. రంగులద్దే ఇళ్ళలో ఎర్ర చేతులను ఎవరు అనుమానిస్తారు? చివరికి పొట్ట ఉబ్బి, రక్తం కక్కుకుంటే దవాఖానలో లివర్ చెడిందన్నారు, చేతుల ఎరుపూ దాని గుర్తేనన్నారు. లివర్ అనగానే తాగుబోతు అన్నారు. "నేను సుక్క ముట్టలేదురా" అని నా చేయి పట్టుకొని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. అమ్మ కూడా నమ్మలేదు.

నేను సుక్క ముట్టినవాణ్ణీ కాదు, రంగు కుండ ముట్టినవాణ్ణీ కాదు, చీరలు మడతపెట్టేవాణ్ణి. మరి నాకు ఈ ఎరుపు ఎక్కడిది? ఛాతీ మీద కూడా ఎర్రటి చుక్కలు లేచాయి. ఒక్కోదాని చుట్టూ సాలీడు కాళ్ళలా సన్నటి నరాలు. వేలితో నొక్కితే మాయమవుతాయి, వదిలితే మళ్ళీ నిండుతాయి. ఒళ్ళంతా దురద. కళ్ళు పచ్చబడ్డాయేమోనని పొద్దున్నే అద్దం ముందు నిలబడుతున్నాను. భయంగా ఉంది ఇందూ. నాయిన దారిలోనే పోతానేమోనని భయంగా ఉంది.

ఎల్బీనగర్‌లో ఒక దవాఖాన మెట్ల దాకా పోయి తిరిగొచ్చాను. లోపలికి పోతే నాయినను అన్న మాటే నన్నూ అంటారు. మీ నరేష్ అన్న వింటే ఊరుకుంటాడా? పుట్టబోయే మన బిడ్డ తాగుబోతు బిడ్డ అవుతుంది. అందుకే పరీక్షలు వద్దనుకున్నాను. కాన్పుకు కూడా రాను, షాపులో తీరిక లేదని చెప్పు. ఐదో నెలకే తల్లిగారింటికి పోతానంటే ఎండలకు తట్టుకోలేక అనుకున్నాను. ఇప్పుడు చూస్తే నువ్వు పోవడమే మంచిదయింది.

నీ క్రాంతి


పోచంపల్లి

ఏమండీ,

కూర్చొనే చదివాను. నిలబడి ఉంటే పడిపోయేదాన్ని.

నేను ఎండలకు భయపడి రాలేదు, మీ చేతులకు భయపడి వచ్చాను. అత్తమ్మ ఒకనాడు మీ అరచేతులు చూసి నన్ను వంటింట్లోకి పిలిచింది. "మీ మామకు గిట్లనే మొదలైంది బిడ్డా. వీడు గూడ తాగుతున్నడేమో, జర చూస్కో" అంది. అప్పటినుంచి మీరు విప్పిన ప్రతి చొక్కా వాసన చూశాను. కొత్త చీరల గంజి వాసన తప్ప ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి, ఇంత బాగా దాస్తున్నాడా అని ఇంకా భయమేసింది. ఇక మీ దగ్గరికి తిరిగి రావద్దనే వచ్చాను. నరేష్ అన్నకు కూడా అదే చెప్పాను. మీరు రోజూ తిన్నావా అని అడుగుతుంటే ఏడుపొచ్చేది.

ఈ మధ్య నా అరచేతులు కూడా ఎర్రబడ్డాయి. మెడ కింద ఒక సాలీడు మచ్చ లేచింది. సున్నిపిండి పెట్టి రుద్దుకున్నాను, పోలేదు. నిన్న డాక్టరమ్మ సూర్యప్రభ గారి దగ్గరికి పోయి ఏడ్చాను. ఆమె నవ్వింది. "కడుపుతోని ఉన్నప్పుడు కొందరికి గిట్ల వస్తయ్, కాన్పు అయినంక పోతయ్. నీ రక్తపరీక్షలన్నీ మంచిగనే ఉన్నయ్" అంది. అప్పుడు మీ సంగతి, మామయ్య సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "మీ ఆయనకు కడుపు లేదు గదమ్మా. లివర్ ఒక్క తాగుడుతోనే చెడదు. రక్తంల వైరస్ ఉన్నా లోపల్లోపల చెడుతది, ఇంట్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకోవచ్చు. మందులున్నయ్ గని ఆలస్యం చెయ్యొద్దు" అంది.

మామయ్య నిజమే చెప్పి ఉంటారు. ఆ మాట అత్తమ్మకు ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు. మీకు ఎట్లా చెప్పాలా అని రాత్రంతా మథనపడ్డాను. పొద్దున్నే మీ ఉత్తరం వచ్చింది.

నా భయం తగ్గలేదు. ముందు మీరు తాగుతున్నారని భయం, ఇప్పుడు తాగకుండానే పోతారేమోనని భయం. ఈ జవాబు మట్టయ్య మామ చేతికే ఇచ్చి పంపుతున్నాను. రేపు పొద్దున నరేష్ అన్న నన్ను కారులో తీసుకొస్తాడు. మిమ్మల్ని అన్న మాటలన్నీ గుర్తొచ్చి తల పట్టుకొని కూర్చున్నాడు, మీరేమీ అనకండి. మీరు తిరిగొచ్చిన ఆ మెట్ల దగ్గరే నిలబడండి. చేతులు జేబుల్లో పెట్టుకోకండి. నా చేయి కూడా ఎర్రగానే ఉంది. పట్టుకొని లోపలికి పోదాం.

మీ ఇందు