సముద్రం అడుగున గడ్డి

మాఘ పౌర్ణమి. సముద్ర స్నానం చేశాను, తడి బట్టలు ఆరేశాను, తెచ్చిన పులిహోర పంచాను.

వదినా, నువ్వు పోయిన రెండేళ్లకు మీ పుట్టింటి సముద్రం చూశాను. దాని అడుగున గడ్డి ఉంటుందని, చేపపిల్లలు అందులో పెరుగుతాయని నువ్వు చెబితే నేను నమ్మలేదు. "గడ్డి ఏంది వదినా? అడుగున ఉండేది పలక బండే. మన మార్కాపురం బావులు చూడలే?" అన్నాను. చివరిదాకా నిన్ను కోతల వదిన అనే పిలిచాను.

ఈరోజు ఒడ్డున జాలర్లు లాగిన వలలో గడ్డి వచ్చింది. దాని నిండా గోరంత చేపపిల్లలు. వాళ్లలో ఒక అవ్వ గడ్డితో సహా నీళ్లలో వదిలేసింది. "పెద్ద చేపల నోట పడకుండా ఇందులోనే దాక్కుంటాయమ్మా. ఎదగనీ, అప్పుడు పట్టుకుందాం" అని నవ్వింది.

నేను మంచాన పడ్డ ఏడాది నా ముగ్గురు పిల్లలూ నీ కొంగు చాటున పెరిగారు. అది తీరే బాకీ కాదు. అలల వైపు తిరిగి, "నీ మాటే నిజం వదినా" అని పైకే అన్నాను. మాట బాకీ చెల్లు.