గుమ్మం దగ్గర బుట్ట

అన్నయ్యకు,

మెయిల్లో రాస్తే ఆఫీసులో నలుగురి కంటా పడుతుంది, అందుకే ఈ కాగితం. మన ఫోన్లలో నువ్వు తయారుచేసిన సిస్టమ్ తీసేసి పోటీ కంపెనీది పెట్టాలా వద్దా అని నిన్న మీటింగ్ పెట్టారు. ఆపరేషనై నువ్వు మంచం మీద ఉన్నావు కాబట్టి నీ తరఫున నేనే మాట్లాడాను. "మనదాన్ని మనమే వదిలేస్తే ఇంకెవరు వాడతారండీ?" అన్నాను. మీటింగ్‌కు వచ్చిన పన్నెండుమందీ మనదే ఉండాలని చేతులెత్తారు.

ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో వేసి లోపలికి రావడం నువ్వు పెట్టిన పద్ధతే కదా. తిరిగి తీసుకునేటప్పుడు చూస్తే అందులో మన కంపెనీ ఫోన్ ఒక్కటే ఉంది, మిగతావన్నీ పోటీ కంపెనీవే. ఛైర్మన్‌గారు దాన్ని తీసి, "ఇది మీదే అయ్యుంటుందమ్మా" అని నా చేతిలో పెట్టారు. అది టీ ఇచ్చే పెద్దాయనది.

పాప స్కూలు బస్సు ఎక్కడుందో చూపించే యాప్ మనదాంట్లో పనిచెయ్యదు. ఏడాదిగా నీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే మన పాతది పట్టుకొస్తున్నాను.

సోమవారం ఆ బుట్టను బల్లమీద పెట్టి, మళ్ళీ చేతులెత్తమని అడగాలనుంది. నీ కింద పనిచేసే నలభైమంది గుర్తొస్తే ధైర్యం చాలడం లేదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. వదినను మాత్రం సలహా అడక్కు. బీరువాలో దుప్పట్ల కింద ఆవిడ దాచుకున్నదీ వాళ్ళ ఫోనే.

నీ చెల్లెలు