నవ్విన చెక్కలు

బాతెల్,
1 అక్టోబరు 2012

చి.ల.సౌ. ఛాయాదేవికి ఆశీర్వచనాలు.

ఇక్కడ నేనూ, నీ కరివేపాకు మొక్కా క్షేమం. ఇద్దరం వేళకు నీళ్లు తాగుతున్నాం. అక్కడ నువ్వూ, బాలింతరాలు శ్రీలేఖా, మనవడు విహానూ, వాడికి డైపర్లు మార్చడం నేర్చుకుంటున్న అల్లుడు రవీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమెందుకంటావు. నేను ఫోన్ చేస్తే మనమ్మాయి స్పీకర్‌లో పెడుతుంది. ఈ సంగతి మీ అల్ఫారెట్టా ఊరంతా వినేలా చెప్పడం నా వల్ల కాదు.

నీ ప్రశ్నలకు జవాబులు. ఉప్పు తగ్గించాను, ఆవకాయను ఉప్పు కింద లెక్కెయ్యకపోతే. మొక్కను చీకటి పడకముందే లోపలికి తెస్తున్నాను. ఇక నీ ఆఖరి ప్రశ్న: "గుండె కవాటం ఆపరేషన్‌కి ఒప్పుకున్నారా, లేదా? ఒప్పుకుంటే వస్తాను. లేకపోతే ఆ పంచాంగంతోనే కాపురం చేసుకోండి." దీనికి జవాబు చెప్పాలంటే ముందు పక్కింటి లిన్ గారింటికి వెళ్లాలి.

నిన్న వాళ్ల చైనా పంచాంగం ప్రకారం చంద్రుడి పండగ. కేకు తినడానికి రమ్మన్నారు. నా కోసం గుడ్డు లేనిది విడిగా తెప్పించారు, పాపం. టీవీ పక్కన వాళ్ల దేవుడి మందిరం ఉంది చూశావూ, దాని ముందు రెండు ఎర్రటి చెక్కముక్కలు కనిపించాయి. నెలవంకల్లా ఉన్నాయి. ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. దేవుణ్ణి ప్రశ్న అడిగి వాటిని నేల మీద వేస్తారట. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవును. రెండూ బోర్లా పడితే కాదు. మన గవ్వలాటే! నాకు చెయ్యి ఊరుకుంటుందా?

శకునశాస్త్రం నేను ఏ గురువు దగ్గరా చదవలేదు గానీ, బల్లిపాటు దగ్గర్నుంచి కాకి అరుపు దాకా కంఠస్థం. ఈ దేశం వచ్చాక అదంతా వృథా అయింది. ఇక్కడ బల్లులు పడవు. ఉడతలు పడతాయి, వాటికి శాస్త్రం లేదు. అంచేత చెక్కల్ని చూడగానే ప్రాణం లేచి వచ్చింది.

"ముందు దేవుడికి పేరు, పుట్టినరోజు, అడ్రస్ చెప్పండి" అంది మిసెస్ లిన్. చెప్పాను. అలవాటు కొద్దీ గోత్రం, నక్షత్రం కూడా చెప్పాను.

"ఆఖర్న చెప్పింది జిప్ కోడా?" అంది.

"అలాంటిదే. పాత దేశానిది" అన్నాను.

ఆపరేషన్ కార్తీకంలోనా, మాఘంలోనా అని అడిగి చెక్కలు వేశాను. రెండూ వెల్లకిలా పడి, ఉబ్బుల మీద ఉయ్యాలల్లా ఊగాయి.

"దేవుడు నవ్వాడు" అంది మిసెస్ లిన్.

"నవ్వడు మరి? ప్రశ్న తప్పు. అవును, కాదు అని చెప్పేవాణ్ణి ఏ నెలని అడిగితే ఎలా?" అన్నాడు లిన్ గారు. రిటైరైనా ఇంజనీరు ఇంజనీరే.

సరే, కార్తీకం దాకా ఆగడం మంచిదేనా అని అడిగాను. మళ్లీ ఊగాయి.

"మళ్లీ వెయ్యండి, సరిగ్గా తిప్పలేదు" అన్నాడాయన.

"నువ్వూరుకో! నలభై ఏళ్లుగా నీకు నా నవ్వే అర్థం కాలేదు, దేవుడి నవ్వేం అర్థమవుతుంది?" అని కసిరి, ఆవిడ నా వైపు తిరిగింది. "జవాబు జేబులో పెట్టుకుని వచ్చి అడిగితే ఆయన నవ్వుతాడు. ఒకటి చెప్పండి. ఈ చెక్కలు 'ఆపరేషన్ అసలే వద్దు' అంటే మీకు సంతోషమా?"

సంతోషమే అనబోయాను. చెక్కల్ని గబుక్కున మందిరం ముందు పెట్టేశాను ఛాయా. మళ్లీ వేస్తే నిజంగానే వద్దంటాడేమోనని. అంటే నాకు కావలసింది 'వద్దు' కాదన్నమాట.

ఇక ఫోన్‌లో చెప్పలేనిది చెబుతాను. ఆషాఢమన్నాను. శ్రావణంలో అమ్మాయి పురుడన్నాను. తర్వాత అధికమాసమన్నాను. అవన్నీ పంచాంగంలో ఉన్నవే, కానీ పంచాంగం నన్ను ఆపలేదు. నేనే దాన్ని అడ్డం పెట్టుకున్నాను. నాకు భయం. మత్తు ఇచ్చాక మళ్లీ కళ్లు తెరుస్తానో లేదోనని. ఇంకో మాట. ఫోన్‌లో బాగున్నానన్నాను గానీ, మేడ మెట్లు ఒక్క విడతలో ఎక్కలేకపోతున్నాను. మధ్యలో ఆగి, మన పెళ్లి ఫోటో చూస్తున్నట్టు నటిస్తున్నాను. చూసేవాళ్లెవరూ లేకపోయినా.

ఈ పొద్దున హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. ఎవరో వాయిదా వేసుకున్నారట, ఖాళీ ఉందన్నారు. ఆయనింట్లోనూ పంచాంగం ఉందేమో. వచ్చే వారం, తొమ్మిదో తారీకు, పొద్దున తొమ్మిదింటికి. మంగళవారం, పితృపక్షాలు, పైగా సరిగ్గా యమగండం. ఇంతకంటే చెడ్డ ముహూర్తం వెతికినా దొరకదు. బుక్ చేసేయమన్నాను. నా గుండె చూసే డాక్టర్ జయంతి కబురు విని, "అంకుల్, నిజంగా మీరేనా?" అంది. ఈ వయసుకు ఫలితాలు చాలా బాగుంటున్నాయనీ, సంక్రాంతికి మెట్లు ఆగకుండా ఎక్కుతాననీ ధైర్యం చెప్పింది. ఆ పిల్ల మాట నమ్ముతున్నాను.

మిసెస్ లిన్ ఆ చెక్కలు నాకు ఎరువిచ్చింది. ఇందాక వంటింట్లో నేల మీద ఒక్కసారి వేశాను. పేరు, అడ్రస్, పాత దేశపు జిప్ కోడుతో సహా చెప్పి, మంగళవారానికి ఛాయ వస్తుందా అని అడిగాను. రెండూ వెల్లకిలా పడి, చాలాసేపు ఊగాయి.

మళ్లీ వెయ్యలేదు. నీ కాఫీ ఫిల్టర్ తోమి బోర్లించాను.

ఇట్లు,
శ్రీలేఖ వాళ్ల నాన్న