నీ పేరున వెలిగిన దీపాలు

టొలీడో,
మే 3, 2011.

చిరంజీవి మార్లాకు,

నాన్న ముద్దులు, అమ్మ ముద్దులు, పక్కనే కూర్చుని తోకాడిస్తున్న గ్రేవీ తరఫున ఒక నాకుడు. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. అక్కడ నేవీ వాళ్ళ తిండి తిని నువ్వూ కులాసాగా ఉన్నావనుకుంటున్నాం.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. నా మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు దిగేటప్పుడు నన్ను తిడుతుంది గానీ మిగతా వేళల్లో మర్యాదగానే ఉంటోంది. గ్రేవీ నీ మంచం వదలడం లేదు. అమ్మ బడి వంటగదిలో పని మానలేదు, మానమన్నా మానదు. ఇక చివర్న అడిగావు చూడు: "నా పేరున అప్పులేమైనా ఉన్నాయా అని నేవీ కాగితంలో అడిగారు నాన్నా. లేవని రాసెయ్యనా? తొమ్మిదో తారీకున సంతకం పెట్టాలి" అని. దానికి వస్తాను. ముందు కోర్టు సంగతి చెప్పనీ. అది చెప్పకుండా ఇది చెప్పలేను.

గాజు ఫ్యాక్టరీలో నా పని పోయాక గ్యాసు, నీళ్ళ బిల్లులు ఎలా పేరుకున్నాయో నీకు తెలుసు. నువ్వు వెళ్ళిన వారానికే గ్యాసు తీసేస్తామని ఎర్ర కాగితం తలుపుకి అంటించి పోయారు. దివాలా దరఖాస్తు పెడదామంది అమ్మ. నేను ఇంతెత్తున లేచాను. మా నాన్న బతికుంటే నన్ను గడప తొక్కనివ్వడన్నాను.

"పరువు పొయ్యిలో మండదు వాల్ట్. మండేదైతే మనిల్లు ఎప్పుడో వెచ్చగా ఉండేది. కోటేసుకో, పద" అంది.

ఉచితంగా సాయం చేసే లాయరమ్మ ఒకావిడ మంగళవారం దరఖాస్తు వేయించింది. గురువారం గ్యాసు తీసేసే మనిషి రానే వచ్చాడు. కానీ దరఖాస్తు పడింది కాబట్టి పాత బాకీ పేరు చెప్పి ఇక తియ్యడానికి లేదు. ఇరవై రోజుల్లో డిపాజిట్టు కట్టి, ఇకమీదటి బిల్లులు వేళకు కట్టుకుంటే చాలు. అమ్మ ఆ కోర్టు కాగితం చూపించి, అతనికి కాఫీ ఇచ్చి మరీ పంపింది. చలిలో వచ్చాడు పాపం అని!

అసలు తమాషా ఆ తర్వాత. అప్పులిచ్చినవాళ్ళు వచ్చి మమ్మల్ని ప్రశ్నలడగొచ్చని విచారణ నోటీసులో ఉంది. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. మీ అమ్మ మాత్రం అక్రూట్లు పెట్టి తీపి రొట్టె చుట్టింది, ఈస్టరుకి చేసే రకం. ఎందుకే అంటే, "వచ్చినవాళ్ళ మొహం చూసి మాట్లాడాలి కదయ్యా. ఉత్త చేతుల్తోనా?" అంది. ఆ రొట్టెని కోర్టు కాపలావాడు సంచుల్ని చూసే మిషన్లో రెండుసార్లు తిప్పాడు.

తీరా చూస్తే ఎవరూ రాలేదు. విచారణ చేసే పెద్దమనిషి అప్పులవాళ్ళ పేర్లు పిలిచాడు, ఖాళీ కుర్చీలే. మాతో ప్రమాణం చేయించి నాలుగు ప్రశ్నలడిగి అయిదు నిమిషాల్లో వెళ్ళమన్నాడు.

"అంతేనా? గ్యాసు వాళ్ళు రాలేదా?" అంది అమ్మ.

"రారమ్మా, ఎప్పుడూ రారు."

"అయితే నేనే వెళ్తా."

వెళ్ళింది. గ్యాసు కంపెనీ కౌంటరు దగ్గర క్యూలో నిలబడి, రొట్టె పెట్టి, "మీ బాకీ కోర్టు కొట్టేస్తోందమ్మా. నా దగ్గర ఉంటే కట్టేదాన్నే. ఇన్ని చలికాలాలూ మీ చలవతో నా కూతురు వెచ్చగా పడుకుంది. ఆ మాట చెప్పిపోదామని వచ్చా" అంది. కౌంటర్లో ఉన్న పిల్ల ముందు బిత్తరపోయింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. ఇరవై ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నాను, ఇంత నిటారుగా నిలబడే మనిషితో ఉన్నానని ఆ రోజే తెలిసింది నాకు.

అందుకే ఇంటికొస్తూ ట్రక్కులో ఇక దాచలేకపోయాను. నీకూ దాచను. రెండేళ్ళ కిందట నా పేరున ఉన్న కరెంటు తీసేశారు, గుర్తుందా? మూడో రోజున వచ్చేసింది. ఏదో సర్దుబాటు చేశానని మీ ఇద్దరికీ చెప్పాను. అబద్ధం. నీకు అప్పుడే పద్దెనిమిది నిండాయి. ఫోన్లో నీ పేరూ, నీ సోషల్ సెక్యూరిటీ నెంబరూ చెప్పి నీ పేరున కనెక్షన్ తీసుకున్నాను. వచ్చిన బిల్లులు గరాజులో గాలాల డబ్బాలో దాచాను. దానికీ బాకీ పడ్డాను. నిన్ను అడగలేదు తల్లీ. నీ పేరు దొంగతనం చేశాను.

అమ్మ ట్రక్కు పక్కకి ఆపింది. తాళం తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "కోర్టు మనల్ని వదిలేసింది. పిల్లని కాదు. దానికి ఆ సంగతే తెలీదు" అంది. మర్నాడు నన్ను లాయరమ్మ ముందు కూర్చోబెట్టి అంతా నా చేతే చెప్పించింది. నీ పేరున ఉన్నదాన్ని మా దివాలా కొట్టెయ్యదని ఆవిడ తేల్చేసింది.

మామీ నది ఒడ్డున ఎరల కొట్లో చేరాను. డబ్బాకి డజను చొప్పున వానపాములు లెక్కపెడతాను, నవ్వు. అమ్మ శనివారాలు బేకరీలో చేస్తోంది. మొన్న ఆఖరి వాయిదా కట్టేశాం. ఆ కనెక్షన్ మూయించి, డిపాజిట్టు కట్టి నా పేరున తీసుకున్నాను.

కాబట్టి "లేవు" అని రాయకు. ఒకటి ఉండేదని, మా నాన్న నాకు తెలియకుండా చేశాడని, తీరిపోయిందని రాయి. నేను సంతకం చేసిన ఒప్పుకోలు, తీరినట్టు రసీదు ఇందులో పెట్టాను. మీ ఆఫీసరుకి చూపించు. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే. నామీద కోపంగా ఉండు, ఎన్నాళ్ళైనా ఉండు. నీ సంతకం మాత్రం నిజం కింద ఉండాలి.

"నువ్వే రాయవే" అని అమ్మని బతిమాలాను. "నేను రొట్టె పట్టుకెళ్ళాను కదా. నువ్వు ఈ ఉత్తరం పట్టుకెళ్ళు" అంది. రాస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఒక్క మాట కూడా చెప్పలేదు, ఒక్కసారి కూడా లేచి వెళ్ళలేదు.

మా తలమీద వెలుగుతున్న ఈ దీపం ఇప్పుడు నా పేరునే వెలుగుతోంది.

ఇట్లు,
నీ పేరు నీకు తిరిగి పంపుతున్న
నాన్న