తెల్లకళ్ళ డేగ మీద నింద

హనుమాన్ జంక్షన్

ప్రియమైన చెల్లి శాలినికి,

ఫోనులో నీ మాట నాకు సగం వినబడదు, నా అరుపు మాత్రం ఊరంతా వినబడుతుంది. అందుకే ఉత్తరం. కొత్త సంవత్సరం నుంచి మా కోడిపెట్టలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. గట్టు పక్క వేపచెట్టు మీద తెల్లకళ్ళ డేగలు జంటగా కాపురం పెట్టాయి. అవే ఎత్తుకుపోతున్నాయని మీ బావ అంటున్నారు. చెట్టు కొట్టించేద్దామనుకుంటున్నాను. కాలేజీలో పక్షుల పాఠాలు చెప్పేదానివి, నువ్వేమంటావు?

నీ అక్క ఎలిజబెత్

పటమట

ప్రియమైన అక్కకి,

తొందరపడకు. ఆ డేగ కాకంత ఉంటుంది. మిడతలు, ఎలుకలు, కప్పలే దాని తిండి. ఆ జాతిలో నాలుగే రకాలు. ఆఫ్రికాలో ఉండేది గడ్డి తగలబడే చోటల్లా తిరుగుతూ, పైకి లేచిన మిడతల్ని పడుతుంది. ఇంకొకటి చలికాలానికి జపాన్ నుంచి దక్షిణానికి వలస పోతుంది. ఎదిగిన పెట్టని ఎత్తే సత్తువ వేటికీ లేదు. మహా అయితే కోడిపిల్ల. పైగా ఇది అవి గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచే కాలం. ఈకలేమైనా పడ్డాయా? బావగారు కళ్ళారా చూశారా?

ప్రేమతో, శాలిని

ప్రియమైన శాలినీ,

నీ ఉత్తరం వచ్చేసరికి చెట్టు నేల మీద ఉంది. గూట్లో తెల్లటి నూగుతో రెండు పిల్లలు. సాయంత్రానికి చచ్చిపోయాయి. తల్లి డేగ కరెంటు తీగ మీద కూర్చుని అరుస్తూనే ఉంది.

ఆ వారంలోనే ఇంకో పెట్ట పోయింది! ఒక్క ఈక లేదు. ఇక మిగిలింది నా మరిది జాన్సనే. పొలం గట్టు తగాదా అయినప్పటి నుంచి అతనిదీ, నా తోటికోడలు తెరేసమ్మదీ గడప తొక్కడానికి వీల్లేదని మీ బావకి కూడా చెప్పాను. ఆదివారం పూజ అయ్యాక చర్చి గుమ్మంలోనే అడిగేశాను: "మా కోళ్ళు మీ ఇంట్లోనే ఉడుకుతున్నాయి కదయ్యా?"

అతను తల దించుకున్నాడు. పక్కన మీ బావ కూడా.

అక్క

ప్రియమైన అక్కకి,

జాన్సన్ తల దించుకుంటే అర్థముంది. బావగారెందుకు దించుకున్నారు? డేగ అని మొదట అన్నదీ ఆయనే. ముందు ఇంట్లో అడుగు.

శాలిని

ప్రియమైన శాలినీ,

అడిగాను. అన్నం ముందు నుంచి లేచిపోయారు. వెంటపడ్డాను.

"తెరేసమ్మకి క్యాన్సర్. విజయవాడలో కీమో ఎక్కిస్తున్నారు. నాటుకోడి రసం తప్ప ఏదీ గొంతు దిగట్లేదంట. పెట్టల్ని నేనే తమ్ముడికిచ్చా."

"చెట్టు కొడుతుంటే చూస్తా ఊరుకున్నారే! నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వేమనేదానివి బెత్తూ?"



ఇవాళ రసం నేనే కాచి తీసుకెళ్ళాను. నా తోటికోడలు తలకి గుడ్డ కట్టుకుని, గోడకి చేరగిలబడి ఉంది. నన్ను చూసింది, గిన్నెని చూసింది.

"ఇందులో ఏం కలిపావక్కా?" అంది.

ముందు నేనొక చెంచా తాగాను. అప్పుడు నోరు తెరిచింది.

నీ అక్క