రెండు చెంచాలు

మార్చి 3, సోమవారం

ప్రసూతి సెలవు మొన్నటితో అయిపోయింది. పాపను వదిలి రాలేను, ఇంకో ఆరు నెలలు కావాలని అడిగితే జీతం లేకుండా తీసుకోమన్నాడు మేనేజర్. అదే వారంలో మా ఆయనకు లిఫ్టుల కంపెనీలో ఓవర్‌టైమ్ ఎత్తేశారు. ఏం, ఊళ్ళో లిఫ్టులు చెడిపోవడం మానేశాయా అని అడిగాను. నవ్వలేదు.

ఇంట్లో నలుగురం. నేను, మా ఆయన, పదకొండు వారాల పాప, పురిటికి సాయం వచ్చి ఇంకా వెళ్ళని మా అత్తయ్య. సంపాదించేది ఒక్కరు.

భయమేం లేదు. హోటల్ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఆరేళ్ళు చేశాను. సబ్బు బిళ్ళల దగ్గర్నుంచి దుప్పట్ల దాకా ఏ సప్లయర్ ఏ రేటు తెచ్చినా కోసి చేతిలో పెట్టేదాన్ని. అక్కడ నా పేరు కత్తెర. మొహం మీద ఎవరూ అనరు కానీ నాకు తెలుసు. నాకు ఆ పేరంటే ఇష్టం కూడా. అంత పెద్ద హోటల్ ఖర్చు తగ్గించినదాన్ని, మూడు గదుల ఇంటి ఖర్చు తగ్గించలేనా?

మార్చి 4

వేడినీళ్ళ హీటర్ బంద్. పాపకు మాత్రం గిన్నెలో కాచి పోస్తాం. మోకాళ్ళ నొప్పులు, చన్నీళ్ళు పడవురా అని అత్తయ్య కొడుకు వైపు చూసింది. కొడుకు ఫోన్ వైపు చూశాడు.

మార్చి 7, శుక్రవారం. మధ్యాహ్నం 2.15

డైపర్లు మానేశాం. హోటల్లో పాత దుప్పట్లు స్టాఫ్‌కి పంచినప్పుడు తెచ్చుకున్నవి నాలుగు ఉన్నాయి. చదరాలుగా కత్తిరిస్తే ముప్పై రెండు గుడ్డలు వచ్చాయి. అంచులు కుట్టింది అత్తయ్యే. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం నన్ను పిలుస్తుంది, చూపు ఆనదు. ఉతికేదీ ఆవిడే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఉతకడంలో ఆవిడకు వంక పెట్టలేం.

కాకపోతే సబ్బు తెగ రుద్దేస్తుంది. అందుకని బిళ్ళను మూడు ముక్కలు చేసి రోజుకొకటి ఇస్తున్నాను. ముక్క చేతిలో పెట్టగానే దాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. అనకుండా అనడంలో ఆవిడ దిట్ట.

రెండో టీ కూడా తీసేశాను. పొద్దున ఒకటి చాలు.

మార్చి 9, ఆదివారం

అసలు ఖర్చు ఎక్కడుందో ఇవాళ పట్టుకున్నాను. పాలపొడి.

నాకు రొమ్ములో గడ్డ కట్టి జ్వరం వచ్చినప్పుడే పాలు ఇంకిపోయాయి. పాప పూర్తిగా డబ్బా పాల మీదే ఉంది. ఆ డబ్బా రేటు చూస్తే మేం తినడం మానేసి దాన్ని పోషించాలి. మందుల షాపాయన ఇంకో కంపెనీది చూపించాడు. అదీ మంచిదేనట. పైగా డబ్బా లేకుండా ఉత్త ప్యాకెట్‌గా కూడా వస్తుంది, ఇంకా చవక. డబ్బా ఉండదు, చెంచా ఉండదు, పర్లేదా అన్నాడు. ఇంట్లో పాత డబ్బా ఉంది, అందులో పాత చెంచా ఉంది, కొత్తవి కొని నేనేం చేసుకోను అన్నాను.

పొడి పాత డబ్బాలో పోశాను. ప్యాకెట్ మీది పట్టిక కత్తిరించి డబ్బాకు టేపుతో అంటించాను. 120 మిల్లీలీటర్ల నీళ్ళకు రెండు చెంచాలు. పాత కంపెనీది నాలుగు వేసేవాళ్ళం. పొరపాటేమోనని మళ్ళీ చదివాను. రెండే. చిక్కటి సరుకన్నమాట. రేటుకు రేటూ తక్కువ, వాడకమూ సగమే! ఇలాంటి బేరం ఆరేళ్ళ సర్వీసులో తగల్లేదు.

మా ఆయనకు చెబితే, నిన్ను మా కంపెనీ ఎండీని చేయాలి అన్నాడు. పెళ్ళయిన కొత్తలో చూసినట్టు చూశాడు.

మార్చి 11

పాలు పలచగా ఉన్నాయమ్మాయ్, నీళ్ళలా ఉన్నాయి అంది అత్తయ్య. పట్టిక చూపించాను. నాకు చదువు రాదుగా, చూస్తే తెలిసింది చెప్పాను అంది. చదువు రానప్పుడు చదువుకున్నవాళ్ళ మాట వినాలన్నాను.

మార్చి 14, శుక్రవారం

ఎక్కడో తేడా కొడుతోంది. రెండు చెంచాల లెక్కన ప్యాకెట్ ఎన్నాళ్ళు రావాలో నాకు తెలుసు. పొడి దానికంటే ముందే దిగిపోతోంది. ఇంట్లో ఎలుకల్లేవు. నేను తినను. మా ఆయన పగలు ఉండడు.

వంటింటి కాటా అటక మీంచి దించాను. స్టోర్సులో చేతివాటం పట్టుకోవాలంటే తూకం ఒక్కటే దారి.

మార్చి 15. ఉదయం 7

డబ్బా తూచాను. సాయంత్రం మళ్ళీ తూస్తా.

సాయంత్రం 6

దొంగ దొరికింది.

మార్చి 17, సోమవారం

తూకంతో సరిపెట్టలేదు, కళ్ళారా చూశాను. స్నానానికి వెళ్తున్నానని చెప్పి బాత్రూంలో నీళ్ళు వదిలి, వంటింటి తలుపు సందు దగ్గర నిలబడ్డాను. అత్తయ్య సీసాలో నీళ్ళు పోసింది. రెండు చెంచాలు వేసింది. తలుపు వైపు చూసింది. ఇంకో రెండు గబగబా వేసి మూత బిగించింది. ఊపుతూ పాపతో ఏదో అంటోంది, తాగమ్మా తాగు, మీ అమ్మ రాకముందే తాగు అని.

మీ అమ్మ రాకముందే! నన్నేదో రాక్షసిని చేసి, తను మంచిదయిపోతోంది.

లోపలికి వెళ్ళి డబ్బా లాక్కున్నాను. కడుపు నిండక ఏడుస్తోందమ్మా, తాగినా ఇంకా నోరు తెరుస్తోంది, చూడలేక రెండే రెండు చెంచాలు ఎక్కువ వేశాను, చంటిదాని దగ్గర లెక్కలెందుకమ్మా అంది అత్తయ్య. ఎక్కువ వేస్తే పిల్ల కిడ్నీలు పాడవుతాయని తెలుసా అని అరిచాను. అది ఎక్కడో చదివాను, అబద్ధం కాదు. ఆవిడ మొహం తెల్లబోయింది. నిజమా అమ్మా అని రెండుసార్లు అడిగింది. నేను డబ్బా తీసుకుని బయటికి వచ్చేశాను.

మార్చి 18

మా ఆయనకు వేరేగా చెప్పాను. మీ అమ్మ పాప పొడి తీసి తన టీలో వేసుకుంటోంది అని. పాపకు ఎక్కువ వేసింది అంటే, పోనీలే నాయనమ్మ కదా అంటాడు. టీ అంటే ఊరుకోడు. రెండో టీ తీసేసింది నేనే కాబట్టి నమ్మేలా కూడా ఉంది.

నమ్మాడు. అమ్మను ఏమీ అడగలేదు. అడగడం సిగ్గుగా ఉందట. అక్క దగ్గర కొన్నాళ్ళు ఉండమంటాను అన్నాడు. నేను ఆ మాట ఎత్తనే లేదు, ఆయనే అన్నాడు.

మార్చి 20, గురువారం

వెళ్ళింది. మా ఆడపడుచు ఇంట్లో అల్లుడికి ఆవిడతో పొసగదు. ఆవిడ నట్టింట్లోకి వస్తే ఆయన లేచి బయటికి పోతాడు. కుట్టుమిషన్ పక్కన పడక వేస్తారు. అది వాళ్ళ గొడవ.

గుడ్డలన్నీ ఉతికి మడతపెట్టి వెళ్ళింది. సబ్బు ముక్క కూడా కాస్త మిగిల్చింది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, పాలు కొంచెం చూసి కలుపు తల్లీ అంది. తలుపు వేసేశాను.

మార్చి 24

ఇల్లు హాయిగా ఉంది. ప్యాకెట్ ఇప్పుడు లెక్క ప్రకారం వస్తోంది. చెంచాకు చెంచా.

పాప మూడు రోజులు ఆగకుండా ఏడ్చింది. నాయనమ్మ చంకకు అలవాటు పడింది, వదిలిస్తే వదులుతుంది. ఎత్తుకోలేదు.

మార్చి 28, శుక్రవారం

వదిలింది. ఇప్పుడు ఏడవడమే లేదు. పొద్దున లేస్తుంది, తాగుతుంది, మళ్ళీ పడుకుంటుంది. ఆఫీసులో నా పక్క సీటావిడ ఫోన్ చేసి, మా వాడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు, నీకెలా కుదురుతోందే అంది. అలవాటు చేయడంలో ఉంటుంది అన్నాను. నిజంగా గర్వంగా ఉంది.

ఇవాళ క్లినిక్‌లో బరువు చూపించాలి. రెండు బస్సులు మారి వెళ్ళి, ఫీజు కట్టి, నర్సు చేత ఒక అంకె చెప్పించుకోవడం. టీకా వచ్చే నెల ఎలాగూ ఉంది, రెండూ ఒకేసారి చూపిస్తే సరి.

ఏప్రిల్ 2

మేజోళ్ళు కాలికి నిలవడం లేదు. జారి పడిపోతున్నాయి. ఉతికి ఉతికి సాగినట్టున్నాయి. పైన దారం కట్టాను.

ఏప్రిల్ 5, శనివారం

మా ఆయన చేతులు చాపితే పాప నవ్వలేదు. ఆయన వైపు చూసింది అంతే. నిద్ర మొహం అన్నాను.

ఏప్రిల్ 6

ఈ నెల మిగిలిన డబ్బుతో ఆయన నాకు చెప్పులు కొనుక్కోమన్నాడు. కొనుక్కున్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

మధ్యాహ్నం గుడ్డ మారుస్తుంటే పాప కుడి చెయ్యి టపటపా కొట్టుకుంది. ఎడమ చెయ్యి కూడా. కళ్ళు ఒక మూలకు తిరిగి అక్కడే ఉండిపోయాయి. పిలిచాను. గట్టిగా పిలిచాను. ఒళ్ళు చల్లగా ఉంది.

టాక్సీలో వెళ్ళాను. ఎంతయిందో చూడలేదు. కొత్త చెప్పుల్లో ఒకటి ఎక్కడో పోయింది.

ఏప్రిల్ 9. ఆస్పత్రి వరండా

రక్తంలో ఉప్పు పడిపోయిందట, మూర్ఛ అందుకేనట. సూది ఎక్కడానికి నరం దొరక్క తలకు పెట్టారు. ఆ పక్క జుట్టు గీసేశారు. పాప ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని నర్సే అంది.

పుట్టాక పెరగాల్సిన బరువులో సగం కూడా పెరగలేదు, ఈమధ్య తగ్గింది అన్నాడు డాక్టర్. ఏం పడుతున్నారు అని అడిగాడు. చెప్పాను. ఎలా కలుపుతున్నారు అన్నాడు. ప్యాకెట్ మీద ఉన్నట్టే అన్నాను. అయితే ఆ ప్యాకెట్, ఆ చెంచా రేపు పట్టుకురండి అన్నాడు.

ఏప్రిల్ 10. ఇంట్లో, ఉదయం 9

నేనేదీ పారేయను కదా. ఖాళీ ప్యాకెట్లో బట్టల క్లిప్పులు వేశాను. తీసి చూశాను. పట్టిక కత్తిరించిన చోట, కిందనే, చిన్న అక్షరాలు. మా డబ్బాలో వచ్చే చెంచా మాత్రమే వాడండి. ఒక చెంచా తొమ్మిది గ్రాములు.

సప్లయర్లు చిన్న అక్షరాల్లో ఏం దాస్తారో చూడమని కొత్తగా చేరిన వాళ్ళకు నేర్పేదాన్ని నేనే.

కాటా ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది. పాత చెంచా నిండా పొడి తీసి తూచాను. నాలుగున్నర. మళ్ళీ తూచాను. నాలుగున్నర.

అంటే నా రెండు చెంచాలు ఒకటి కింద లెక్క. నాలుగు వేస్తేనే రెండు.

అత్తయ్య నాలుగు వేసింది.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ నా కూతురు ఆవిడ దొంగతనం మీద బతికింది. నేలమీద కూర్చుండిపోయాను. లేచాక చేసిన మొదటి పని ఏమిటో రాయాలి. కాటా తీసి అటక మీద పెట్టాను. కిందికి పొడి ఒలికి ఉంటే తుడిచాను.

అదే రోజు, సాయంత్రం 4

ప్యాకెట్ తీసుకెళ్ళాను. చెంచా తీసుకెళ్ళలేదు. కంగారులో కనిపించలేదన్నాను.

పాలు కలిపేది ఎవరు అని అడిగింది నర్సు. నేను నోరు తెరిచాను. నేనే అని చెప్పడానికే తెరిచాను, ఇక్కడ అబద్ధం రాయాల్సిన పని నాకు లేదు. ఈలోపు మా ఆయన అందుకున్నాడు. మా అమ్మ కలిపేదండీ, పొడి తగ్గించి కలిపి, మిగిలింది తన టీలో వేసుకునేది అన్నాడు. ఏడుస్తూ అన్నాడు. నర్సు ముక్కున వేలేసుకుంది. అలాంటి వాళ్ళూ ఉంటారా అంది. ఇప్పుడు మీ దగ్గరే ఉందా అంది. లేదు, పంపేశాం అన్నాడు.

ఎప్పుడు పంపారని అడుగుతుందేమో అనుకున్నాను. అడిగితే, ఆవిడ వెళ్ళి మూడు వారాలయిందని తెలిసిపోయేది. అడగలేదు. కాగితం మీద రాసుకుంది. నేను పాప కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

ఏప్రిల్ 14, సోమవారం

పాప తేరుకుంటోంది. ఇవాళ ఏడ్చింది. వరండా అంతా వినపడేలా ఏడ్చింది. గండం గడిచింది, ఎదుగుదల మాత్రం ఏడాది పాటు చూపిస్తూ ఉండాలి అన్నాడు డాక్టర్.

మా ఆయన వాళ్ళమ్మకు ఫోన్ చేశాడట. ఇక నా గడప తొక్కకు, పాపను చూడాలని అడగకు అన్నాడట. ఆవిడ ఏమంది అని అడిగాను. ఏమంటుంది, పాపకు ఎలా ఉంది, పాపకు ఎలా ఉంది, అదే మాట అన్నాడు. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. నీలాంటిది కాబట్టి తట్టుకున్నావు అన్నాడు. ఇప్పుడు చెబుదాం అనుకున్నాను. డిశ్చార్జి అయ్యాక చెబుదాం అనుకున్నాను.

ఏప్రిల్ 17

ఇంటికొచ్చాం. పెద్ద చెంచా ఉన్న కొత్త డబ్బా కొన్నాం. పాత చెంచా చెత్తలో వేయబోయాను. బాగానే ఉంది కదా, ఎందుకు పారేయడం. ఉప్పు డబ్బాలో వేశాను.

ఏప్రిల్ 21

అత్తయ్య ఫోన్ చేసింది. ఎవరి ఫోనో, పక్కన కుట్టుమిషన్ చప్పుడు. ఆ రెండు చెంచాలు నేను ఎక్కువ వేసినందుకేనా అమ్మా పాపకు అలా అయింది, అని అడిగింది.

అవునన్నాను.