అమ్మ కూర్చునే మూడు నిమిషాలు

శివనాగరాజూ,

తెల్లారేసరికి మబ్బు కమ్మింది. కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పడానికి పోతున్నాను.

ఒంటి బలానికి మీ అమ్మ చేసే కసరత్తులో ఇసుక డబ్బాలు పదిసార్లు ఎత్తిన ప్రతిసారీ మూడు నిమిషాలు కూర్చోవాలని పేట డాక్టరమ్మ చెప్పింది. నిన్న అట్లా కూర్చోగానే, "ఖాళీగానే ఉన్నావుగా, టీ పెట్టమ్మా" అన్నావు. లేచి పెట్టింది. ఆ తర్వాత ఎత్తిన డబ్బా చెయ్యి జారి పాదం పక్కనే పడింది. నేను చూశాను.

నలభై ఏళ్లు కోతల్లో నడుమెత్తని మనిషికి కూర్చోవడం అలవాటు చేయడానికే నాకు నెల పట్టింది. ఇవ్వాళ వీధి అరుగు మీదే చెయ్యమన్నాను. "ముసలిదానికి కసరత్తేంది" అని నవ్వేవాళ్లు నవ్వనీ. కూర్చున్న మనిషిని మాత్రం ఎవరూ లేపొద్దు, నువ్వయినా సరే.

నాన్న

మధ్యాహ్నం ముగ్గురం కలిసి తిందాం. వడ్డించేది నువ్వు. దీని గురించి మాటలేమీ వద్దు.